పసుపు పెట్టె, కాడెద్దులు, ఆవూ దూడా

2024 మే నెలలో మా మనవరాలు మొట్టమొదటిసారి ఓటు వేసింది. వేసి, ఇంటికి వచ్చేదాకా కూడా ఆగలేదు. పోలింగు జరుగుతున్న బడి గేటు ముందే నిలబడి, ఎడమచేతి చూపుడువేలు ముక్కుకు ఎదురుగా పెట్టుకుని ఫోటో తీయించుకుంది. అయిదు నిమిషాల్లో ఆ ఫోటో చుట్టాలందరి ఫోన్లలోకీ వెళ్లిపోయింది. "అమ్మమ్మా, నువ్వు కూడా వేలు చూపిస్తూ ఒక ఫోటో పంపు" అని నాకు హుకుం. పంపాను. ఈ వయసులో వాళ్లు చెప్పినట్టు వినకపోతే, రేపు ఫోను మొరాయించినప్పుడు బాగుచేసి పెట్టేదెవరు?

పంపిన తర్వాత మాత్రం మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. ఆవిడా అదే వేలికి సిరా పెట్టించుకుంది, 1952 జనవరిలో. వయసొచ్చిన ప్రతివాళ్లకూ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలవి. తెనాలి దగ్గర వున్న మా అమ్మమ్మగారి వూరు అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలోదే. ఆవిడ ఆ వేలిని పైటచెంగులో దాచుకుని ఇంటికొచ్చి, పెరట్లో బావిగట్టున కూర్చుని, చింతపండూ బూడిదా పెట్టి తోమిందిట. పోలేదు. పోకుండా వుండాలనే గదా దాన్ని తయారుచేసింది! ఆ నెల్లో ఏ పేరంటానికి వెళ్లినా ఎడంచెయ్యి కొంగు చాటునే వుంచుకునేదిట.

"ఎందుకమ్మా అంత సిగ్గు?" అని మా అమ్మ అడిగితే రెండు కారణాలు చెప్పింది. ముక్కూ మొహం తెలియని మగవాడు నలుగురి ఎదుటా వేలు పట్టుకోవడం ఒకటి. "రెండోసారి దొంగ ఓటు వెయ్యకుండా పెడతారుట ఆ మచ్చ. అంటే నన్ను దొంగననుకున్నట్టే గదా!" అన్నది రెండోది.

చూశారూ, అమ్మమ్మకు అది మచ్చ. మనవరాలికి నగ. నడుమనున్న నాకు అది వారం రోజులు గిన్నెలు తోమినా వదలని మరక, అంతే.

అప్పట్నుంచీ ఈ ఎన్నికల బొమ్మల గొడవ నా బుర్రలో తిరుగుతోంది. మన ఎన్నికల చరిత్ర అంటే నాయకుల చరిత్ర అనుకుంటాం గాని, అందులో సగం బొమ్మల చరిత్రే. బొమ్మ పెట్టినవాళ్లు ఒకటి అనుకుని పెట్టేవారు. చూసేవాళ్లు ఎవరి వాకిట్లోంచి వాళ్లు చూసుకుని, దానికి ఇంకేదో అర్థం చెప్పుకునేవారు.

బొమ్మలకన్నా ముందు రంగులు వచ్చాయి. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ శాసనసభకు ఎన్నికలు జరిగాయి. కోస్తా జిల్లాలూ రాయలసీమా అందులోవే. ఓటు అందరికీ లేదు. ఆస్తో, పన్నో, చదువో వుండాలి. ఆడవాళ్లలో కొందరికి భర్త ఆస్తిని బట్టి వచ్చింది, కొందరికి చదవడం రాయడం వచ్చు గనుక వచ్చింది. చదువురాని ఓటర్లకు తెలిసేందుకు ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క రంగు పెట్టారు. కాంగ్రెసుకు వచ్చింది పసుపుపచ్చ పెట్టె.

ఇంకేం కావాలి? గాంధీగారి పేరూ పసుపు పెట్టే కలిపి ప్రచారం చేశారు. పసుపంటే ఏమిటో మనకొకరు చెప్పాలా! గడపకు పసుపు, కాళ్లకు పసుపు, తాళికి పసుపు తాడు, శుభలేఖకు నాలుగు మూలలా పసుపు. కాంగ్రెసు 215 స్థానాల్లో 159 గెలుచుకుంది. పసుపు వల్లే గెలిచారని నేననను. గాంధీగారి పేరుకున్న బలం అలాంటిది. కాని వాళ్లకు ఏ నల్ల పెట్టో వచ్చి వుంటే, ప్రచారానికి ఇల్లిల్లూ తిరిగిన ఆడవాళ్లు ఏం చెప్పి వుండేవారా అని మాత్రం అనుకుంటాను. తమిళుల్లో 'పసుపు కాయితం' ఇచ్చాడంటే దివాలా తీశాడని అర్థం. మనం ఐ.పి. పెట్టాడంటాం చూడండి, అది. కాయితానికి పూస్తే దివాలా, పెట్టెకు పూస్తే మంగళం.

ఆ పసుపు పెట్టె గురించి మా ఇంట్లో ఒక మాట వుంది. మా అమ్మమ్మకు ఒక మేనత్త వుండేది. పదకొండో ఏట భర్త పోయాడు. పుట్టింట్లోనే వుండిపోయింది. భారతం, భాగవతం తనంత తానే చదువుకునేది గనుక ఆవిడకు ఓటు వచ్చింది. ప్రచారానికి వచ్చినవాళ్లు "పసుపు పెట్టెలో వెయ్యండమ్మా, శుభం" అని అందరితో అన్నట్టే ఆవిడతోనూ అనేసి, అన్న తర్వాత నాలిక కరుచుకున్నారుట. ఆవిడ వెళ్లింది. పసుపు పెట్టెలోనే వేసి వచ్చింది. "పసుపు మీద చెయ్యి వేసి ఎన్నేళ్లయిందో! రమ్మని వాళ్లే పిలిచారు గదా అని వేశాను" అందిట. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నవ్వుతూ చెప్పరు.

ఇక 1952 సంగతి. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. 1951 జనాభా లెక్కల ప్రకారం ఆడవాళ్లలో చదువొచ్చినవాళ్లు నూటికి 9 మంది కూడా లేరు. మొదటి చీఫ్ ఎలక్షన్ కమిషనర్ సుకుమార్ సేన్ గారు. బొమ్మలదాకా రాకముందే ఆయనకు పేర్లతో చిక్కు వచ్చి పడింది. ఓటర్ల జాబితా రాయడానికి ఇల్లిల్లూ తిరిగినవాళ్లకు ఉత్తరాది రాష్ట్రాల్లో లక్షలమంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి తల్లి, ఫలానావాడి భార్య అని రాయించి ఊరుకున్నారు. అలా కుదరదు, ఎవరి పేరు వాళ్లది వుండాల్సిందే అన్నారు సేన్ గారు. గడువు పొడిగించి కూడా చూశారు. చివరికి 8 కోట్లమంది ఆడ ఓటర్లలో 28 లక్షలమందిని జాబితాలోంచి కొట్టేశారు.

28 లక్షలు! ఆడవాళ్ల మూఢత్వం అని అప్పట్లో తేల్చేశారు గాని, నాకంత తేలిగ్గా అనబుద్ధి కాదు. రాసుకునే గుమాస్తాకు పేరంటే గడిలో నింపాల్సిన నాలుగక్షరాలు. తలుపు చాటున నిలబడ్డ మనిషికి అది పుట్టింటివాళ్లు పిలిచే పిలుపు. ఎవరో తెలియని మగవాడు వాకిట్లో నిలబడి "నీ పేరేమిటి?" అంటే, ఆ ప్రశ్న ఆవిడ చెవికి ఎలా వినిపించి వుంటుందో ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు తోచదు. అయినా సేన్ గారి పట్టుదల మంచిదే అంటాను. ఓటు మనిషికి గాని, వరసకు కాదు గదా. ఈ గోల జరగడం మంచిదే, వచ్చే ఎన్నికలకల్లా ఈ జంకు తగ్గుతుందని ఆయన ఆశించారు. చాలామటుకు అలాగే జరిగింది.

మా అమ్మమ్మ దగ్గర చిక్కు మరోవైపు తిరిగింది. తన పేరు శుభ్రంగా చెప్పింది, సీతారావమ్మ అని. ఆ తర్వాత గడిలో భర్త పేరు రాయాలిట. అక్కడ ఆగిపోయింది.

మన పాతకాలపు ఆడవాళ్లకు మొగుడి పేరు పలకడమంటే ఏమిటో ఈ తరంవాళ్లకు చెప్పినా నమ్మరు. ఆయుక్షీణం అనేవారు. పక్కింటి కుర్రాడికి అదే పేరుంటే, వాణ్ని కూడా "ఒరేయ్ అబ్బాయ్" అని పిలిచేవారే గాని పేరెత్తేవారు కాదు. కాని అదే పేరు పెళ్లయి గడపలో అడుగుపెట్టేటప్పుడు చెప్పి తీరాలి! ఆడబిడ్డలు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితే గాని లోపలికి రానివ్వరు. ఆ పూట పేరు చెబితే ముద్దు, ముసిముసి నవ్వులు. మర్నాడు చెబితే అప్రాచ్యపు పిల్ల. ఒక్క రాత్రిలో ఆ అక్షరాలకేమైందో!

రాసుకునే కుర్రాడు వచ్చిన వేళకు ఇంట్లో ఇంకెవరూ లేరు. అమ్మమ్మ ఆలోచించి, "ఏడుకొండలమీద వుంటాడే, ఆయన పేరే" అందిట తలుపు చాటునుంచి. "సరేనమ్మా, తెలిసింది" అని ఆ కుర్రాడు రాసుకుని వెళ్లిపోయాడు. మా తాతయ్య పేరు వెంకటేశ్వర్లు. కుర్రాడు రాసుకున్నది శ్రీనివాసరావు అని. అతని తప్పేముంది? ఇద్దరూ ఒకే దేవుడాయె! ఓట్ల రోజు దాకా ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. అది చివర చెబుతాను, ముందు బొమ్మల సంగతి కానివ్వండి.

గుర్తులు ఎంచడంలో ఢిల్లీవాళ్లు చాలా జాగ్రత్త పడ్డారు. అందరూ రోజూ చూసేవై వుండాలి, ఒకదానికొకటి పోలిక వుండకూడదు. భక్తితోనూ మనసుతోనూ ముడిపడ్డవి అసలే వద్దన్నారు. ఆవు వద్దు, గుడి వద్దు, జాతీయ జెండా వద్దు, రాట్నం వద్దు. (ఆవునూ రాట్నాన్నీ గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాయి.) అలా వడబోయగా కాంగ్రెసుకు కాడి కట్టిన జోడెద్దులు, కమ్యూనిస్టులకు కంకీ కొడవలీ, సోషలిస్టులకు మర్రిచెట్టు, జనసంఘానికి దీపం, ప్రకాశం పంతులుగారున్న కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె వచ్చాయి. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఇనప పెట్టె, దానిమీద బొమ్మ. ఓటు చీటీ మీద ముద్రలూ గిద్రలూ ఏమీ అక్కర్లేదు. తెర వెనక్కి వెళ్లి నచ్చిన బొమ్మ వున్న పెట్టెలో వేసి రావడమే. దేశం మొత్తానికి 20 లక్షల పెట్టెలు కావలసి వచ్చాయిట. మన హైదరాబాదు ఆల్విన్ వాళ్లూ చేశారు వాటిని. ఆ తర్వాత మన ఇళ్లలోకి బీరువాలూ ఫ్రిజ్‌లూ వచ్చింది అక్కణ్నుంచే.

ఎద్దుల బొమ్మలో భక్తి ఏమీ లేదని ఢిల్లీవాళ్లు అనుకుని వుండాలి. మన కనుమ పండగ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఓట్లు పడింది సంక్రాంతి నెల. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, కుంకుమ బొట్లు. మా తాతయ్యకు రెండు జతల ఎద్దులుండేవి. బిడ్డల్లాగా చూసుకునేవాడు. పెట్టెమీద ఎద్దులు కనపడగానే మన రాముడూ లక్ష్మణుడూ వచ్చి నిలబడ్డట్టే వుంది అందిట అమ్మమ్మ. రాముడూ లక్ష్మణుడూ ఇంట్లో ఎద్దుల పేర్లు లెండి.

ఆ రోజే బావి దగ్గర పాలేరు భార్య సుబ్బులుతో ఇదే మాట అంటే, సుబ్బులు చేద లాగుతూ, "ఆ ఎద్దులు మీయి గందమ్మా! మా ఇంట్లో వుండేది కొడవలే" అందిట. మా అమ్మ ఇది చెప్పినప్పుడల్లా నాకు ఆ బావిగట్టు కళ్లకు కడుతుంది. చదువురాని ఇద్దరు ఆడవాళ్లు, ఒకే వూరు, ఒకే వరసలో పెట్టిన అవే పెట్టెలు. ఒకావిడకు ఎద్దులు ఇంటి బిడ్డలు. ఇంకొకావిడకు అవి ఆసామి ఎద్దులు. ఆ ఎన్నికల్లో తెలుగు జిల్లాల్లో కాంగ్రెసుకు గట్టి దెబ్బే తగిలింది. బియ్యం కరువు, ప్రత్యేకాంధ్ర ఆలస్యం, పార్టీలో తగువులు, ఇలా పుస్తకాల్లో చాలా కారణాలు రాశారు. సుబ్బులు మాట ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

గుడిసె బొమ్మ మాటా అంతే. బీదవాళ్ల పార్టీ అని చెప్పడానికి అది బాగానే వుంటుంది. కాని వానాకాలమంతా కారే గుడిసెలో కాపురం చేసే మనిషికి గుడిసె బొమ్మ చూపిస్తే సంతోషిస్తుందా, మొహం తిప్పుకుంటుందా?

1962 ఎన్నికలకు ఈ పెట్టెల వరస పోయి, బొమ్మలన్నీ ఒకే కాయితం మీదికి వచ్చాయి. కావలసిన బొమ్మ పక్కన ముద్ర కొట్టాలి. అదొక పెద్ద మార్పే గాని, మన కథకు అంత అవసరం లేదు.

కథ మళ్లీ రుచికి వచ్చేది 1969లో కాంగ్రెసు రెండుగా చీలినప్పుడు. ఉమ్మడి ఇల్లు పంచుకునేటప్పుడు దేవుడి మందసం దగ్గర తగువు వచ్చినట్టు, జోడెద్దులు ఎవరివన్న తగువు కోర్టుకెక్కింది. 1971 ఎన్నికల నాటికి ఎద్దులు ఎవరికీ దక్కలేదు. ఇందిరాగాంధీ పక్షానికి ఆవూ దూడా వచ్చాయి. అవతలి పక్షానికి రాట్నం వడుకుతున్న స్త్రీ బొమ్మ వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట వద్దంటే వద్దన్న ఆవూ, వద్దంటే వద్దన్న రాట్నమూ చెట్టాపట్టాలేసుకుని తిరిగొచ్చాయన్నమాట! రాట్నం ఓడింది, ఆవు గెలిచింది.

ఓడినవాళ్లు ఊరుకోలేదు. రాయబరేలీలో ఇందిరాగాంధీ మీద ఓడిన రాజ్ నారాయణ్ అలహాబాదు హైకోర్టులో వేసిన దావాలో, ఆవూ దూడా మతసంబంధమైన గుర్తు అన్నది కూడా ఒక ఆరోపణ. 1975 జూన్ 12న జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఆవిడ ఎన్నిక రద్దు చేశారు. రద్దు చేసింది వేరే కారణాల మీద. ఆవు విషయంలో మాత్రం ఆవిడవైపే తీర్పు చెప్పారు, అది మతం గుర్తు కాదని. ఒక బొమ్మకు అర్థమేమిటో హైకోర్టు కూర్చుని తేల్చిందంటే ఎంత ముచ్చటో చూడండి. రెండు వారాలు తిరక్కుండానే ఎమర్జెన్సీ వచ్చింది. ఆ తర్వాత అదే బొమ్మకు జనం ఇంకో అర్థం చెప్పారు. ఆ అర్థం ఏ వకీలుకూ తోచింది కాదు.

నేను మొదటిసారి ఓటు వేసింది 1977 మార్చిలో. మా పెద్దమ్మ కూతురు, మా అక్కయ్య, బావగారి ఉద్యోగంవల్ల అప్పట్లో ఢిల్లీలో వుండేది. దాని ఉత్తరంలో రాసింది: "ఇక్కడ ఆవుదూడ బొమ్మ చూసి జనం ఏమనుకుంటున్నారో తెలుసా? ఆవు తల్లిట, దూడ కొడుకుట. పాలవాడు కూడా నవ్వుతున్నాడు." తల్లి అంటే ఇందిరాగాంధీ, కొడుకంటే సంజయ్ అన్నమాట. నేను ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా వీధిలో అదే బొమ్మ ప్రతి గోడ మీదా వుంది. నాకు అందులో ఆవే కనిపించింది, దూడే కనిపించింది. మా పనిమనిషి ఆ గోడ పక్కనుంచి వెళుతూ గోమాతకు దణ్ణం పెట్టుకునేది.

ఫలితాలు వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలకు కాంగ్రెసుకు ఒక్కటీ రాలేదు. బీహారులో 54కూ అంతే. తల్లీ కొడుకూ ఇద్దరూ ఓడిపోయారు. మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42కు 41 కాంగ్రెసువే! మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగారిది. బొమ్మ ఒకటే, అచ్చు ఒకటే. వాళ్లు చూసినవీ పడ్డవీ మనం పడలేదు, అందుకని వాళ్లకు కనపడింది మనకు కనపడలేదు. అక్కడి ఆడవాళ్లు పడ్డ భయం సంగతి అక్కయ్య తర్వాత వచ్చినప్పుడు చెబితే గాని నాకు తెలియలేదు.

ఆ భయం వెనక ఇంకో బొమ్మ వుంది, ఎర్ర త్రికోణం. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే వుంటుంది. అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ నవ్వుతున్న మొహాలు, పక్కన ఆ త్రికోణం. ఆస్పత్రి గోడ మీదా, బస్సుల వెనకా వుండేది. చాలామంది తల్లులకు అది నిజంగా ఓదార్పు. "ఇక చాలు" అని నోటితో అనలేని ఇల్లాలి తరఫున గోడే ఆ మాట అనేది. 1976-77 సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. ఉత్తరాదిన ఎన్నో చోట్ల మగవాళ్లను బలవంతాన పట్టుకుపోయారు. ఆ తర్వాత ఆ త్రికోణం కనపడితే పొలాల్లోకి పారిపోయేవారుట. 1977లో వచ్చిన కొత్త ప్రభుత్వం "కుటుంబ నియంత్రణ" అన్న పేరే తీసేసి "కుటుంబ సంక్షేమం" అని పెట్టింది. పేరు మార్చినా, బొమ్మకు పట్టిన భయం అంత త్వరగా వదల్లేదు. మన వైపు నాకు తెలిసినవాళ్లకు మాత్రం అది ఎప్పట్లాగే ఆస్పత్రి బొమ్మ.

1978 మొదట్లో కాంగ్రెసు మళ్లీ చీలింది. ఈసారి ఆవుదూడ ఇందిరాగాంధీకి దక్కలేదు. కొత్త గుర్తు గురించి ఒక కథ చెప్పుకుంటారు. అప్పుడావిడ విజయవాడలో వున్నారుట, పక్కన పి.వి. నరసింహారావుగారు. ఢిల్లీ నుంచి బూటాసింగ్ ఫోను చేసి, ఏనుగు, సైకిలు, చెయ్యి, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి, "హాథ్" తీసుకుందామా అన్నారు. ఆ రోజుల్లో ట్రంకాల్ అంటే సముద్రం హోరులో మాట్లాడినట్టే గదా! ఆవిడకు "హాథీ" అని వినపడింది. ఏనుగు వద్దంటారీవిడ. ఏనుగు కాదంటారాయన. చివరికి పి.వి.గారు ఫోను తీసుకుని, హాథ్ అనకండి, పంజా అనండి అన్నారుట. బహుభాషా కోవిదుడు పక్కన వుంటే ఎంత లాభం! ఆ ఫిబ్రవరిలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికలు జరిగితే, ఆ చెయ్యి గుర్తు మీద 294లో 175 స్థానాలు గెలిచారు. పోస్టర్లలో చెయ్యి అభయహస్తమయింది. ఎదుటిపక్షంవాళ్లు చెంపదెబ్బ అన్నారు. 1952లో ఫార్వర్డ్ బ్లాకులో ఒక వర్గానికి ఇదే చెయ్యి గుర్తు వుండేదన్న సంగతి ఎవరికీ గుర్తే లేదు.

ఆవిడ వద్దన్న ఏనుగు తర్వాత ఉత్తరాదిన మాయావతిగారి పార్టీకి వెళ్లింది. 2012 ఎన్నికల్లో పార్కుల్లోని రాతి ఏనుగులు కనపడకుండా ఎన్నికల కమిషను వాటికి ముసుగులు వేయించింది. ముసుగు వేసినా తొండమూ వీపూ ఎక్కడికి పోతాయి? అంతకుముందు వాటిని చూడనివాళ్లు కూడా అప్పుడు ఆగి చూశారుట. సైకిలేమో మన ఎన్.టి. రామారావుగారికి వచ్చింది. బడిపంతులు, పోస్టుమాను, పాలబ్బాయి, మధ్యతరగతి ఇంటి గోడకు చేరవేసి వుండే సైకిలు! 1983 జనవరిలో 200 పైగా స్థానాలు గెలిచింది. ఆ పార్టీ జెండా రంగు పసుపు. అప్పట్నుంచీ మనవైపు ఎన్నికల రోజున పసుపు చీర కట్టుకుని వెళితే, "ఏమిటి వదినా, బాహాటంగానే!" అని నవ్వుతారు. పాపం, ఆవిడ ఆ వేళ శుక్రవారమని కట్టుకుని వుంటుంది.

సరే, మా అమ్మమ్మను పోలింగు బడి వసారాలో వదిలేసి చాలా దూరం వచ్చాను.

ఆ రోజు ఆవిడ వెంట మా అమ్మ కూడా వెళ్లింది. పురిటికి పుట్టింటికి వచ్చి వుంది. ఒళ్లో నేనున్నాను. జాబితా చదివే గుమాస్తా "సీతారావమ్మ, భర్త శ్రీనివాసరావు" అన్నాడు. అమ్మమ్మ కదల్లేదు. అక్కడ కూర్చున్న ఒక పార్టీ ఏజెంటు, ఊళ్లోవాడే, "మా ఊళ్లో శ్రీనివాసరావు అనేవాడే లేడు, ఈ ఓటు చెల్లదు" అని లేచాడుట. ఆఫీసరు మంచివాడే. "అమ్మా, మీ ఆయన పేరేమిటో మీ నోటితో చెప్పండి, సరిచేసుకుని ఓటు ఇస్తాను" అన్నాడు. మా అమ్మ "నేను చెబుతానండీ, మా నాన్న పేరు..." అనబోతే, "మీరు కాదు, ఓటరు చెప్పాలి" అన్నాడు.

వెనక వరసలో ఊరి ఆడవాళ్లందరూ వున్నారు. తోడికోడళ్లున్నారు. అవతలి వరసలో బావగారి వరస మగవాళ్లున్నారు. చెబితే ఆయుక్షీణం. చెప్పకపోతే ఇంటికి పోవాలి. అమ్మమ్మ కాసేపు నేలచూపులు చూసి, తలెత్తి, "వెంకటేశ్వర్లు" అందిట. మెల్లిగా కాదు, పిల్లవాణ్ని వీధిలోంచి కేకేసినట్టు గట్టిగా అందిట. వసారా అంతా నిశ్శబ్దం. పెళ్లినాడు గడపలో చెప్పిన తర్వాత, ముప్పైఎనిమిదేళ్ల మనిషి, అదే రెండోసారి. గుమాస్తా దిద్దుకున్నాడు. వేలికి సిరా పెట్టారు. చీటీ తీసుకుని తెర వెనక్కి వెళ్లింది.

ఆ వేలు చింతపండుతో తోముకుంటుండగానే కబురు తాతయ్యకు చేరిపోయింది, ఊళ్లో కబుర్లకేం తక్కువ. ఆయన పొలంనుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పేరు సంగతి ఎత్తనే లేదుట. ఖద్దరు కట్టే మనిషి, ఆయన బెంగ ఆయనది. అన్నం తింటూ ఒక్కటే అడిగాడు:

"ఎద్దుల పెట్టెలోనే వేశావు గదా?"

"మీ పేరు చెప్పి మరీ వేశాను" అంది అమ్మమ్మ, మజ్జిగ పోస్తూ.

ఏ పెట్టెలో వేసిందో ఆయనకూ చెప్పలేదు, తర్వాత మా అమ్మకూ చెప్పలేదు.